పేటలో ఆడవాళ్ళ ఆట

నందిగామలో దేవమణి నవ్వు ఎరగనివాళ్ళు లేరు. ఆమె మిషన్ బడిలో మూడో తరగతి పంతులమ్మ. మనిషి పొట్టి, మాట మెత్తన. నవ్వు మాత్రం ఇత్తడి బిందె మెట్ల మీద నుంచి దొర్లినట్టు మొదలై, కిందికి చేరాక కూడా కాసేపు గిరగిర తిరిగి గాని ఆగేది కాదు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఏదో చిన్న చమత్కారం అన్నారు. దేవమణి నవ్వింది. పాస్టరుగారు తరువాత చెప్పవలసింది గుర్తు రాక నేరుగా ముగింపు ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. అప్పటినుంచి నలుగురిలో నవ్వొస్తే ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకోవడం అలవాటు చేసుకుంది. ఆమె భర్త స్తెఫను ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరు. "నీకు నవ్వొచ్చే ముందు ఓ మాట చెప్పు. రోగుల్ని సర్దుకుంటా" అనేవాడు.

ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్ళు. పక్క వాటాలో ఉండే భారతీదేవి తాలూకా ఆఫీసు గుమాస్తా కొండలరావుగారి భార్య. చరిత్ర పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. లైబ్రరీ నుంచి భర్త తెచ్చిన ప్రతి పుస్తకమూ ఆయన కంటే ముందే చదివేసేది. రెండో స్నేహితురాలు వాజిదా. ఎదురు సందులో ఉంటుంది. ఆ చుట్టుపక్కల సగం మంది ఆడవాళ్ళ రవికెలు ఆమె కుట్టు మిషను మీద పుట్టినవే. ముగ్గురిలోకీ చిన్నది. ఆమె భర్త ఖాజావలి నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే బస్సుకు డ్రైవరు.

పందొమ్మిదివందల అరవై రెండు, మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. ఖాజావలి ఒక సాయంత్రం జగ్గయ్యపేట నుంచి కబురు తెచ్చాడు. అక్కడ సంత మైదానంలో నాటకాల కంపెనీ డేరా వేసిందట. శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళకు మాత్రమే ప్రత్యేకంగా ఆట వేస్తున్నారట. మగవాడన్నవాణ్ణి గేటు దాటనివ్వరట.

వాజిదా ఆ కబురు మోసుకుని దేవమణి ఇంటికి వచ్చింది. భారతీదేవి అక్కడే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది.

"పోదాం అక్కా. నేను నాటకం చూసి ఎన్నేళ్ళయిందో. పెళ్ళికి ముందు చూసినదే" అంది వాజిదా.

"రెండో శనివారం బడికి సెలవే" అంది దేవమణి. "కాకపోతే నాదో షరతు. మధ్యాహ్నం భోజనం హోటల్లో. నేను క్యారేజీ కట్టను, మీరూ కట్టకూడదు."

భారతీదేవి చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "అయితే నాదీ ఒక షరతు. పేటలో వరప్రసాదరావుగారని ఒక డ్రాయింగు మాస్టారు, రిటైరై ఇంట్లోనే మ్యూజియం పెట్టారని మావారి ఆఫీసులో అనుకున్నారు. ముందు అది చూడాలి."

"మ్యూజియమంటే రాళ్ళేగా భారతక్కా" అంది వాజిదా.

"రాళ్ళే. చూస్తే తెలుస్తుంది."

శనివారం పొద్దున కొండలరావుగారు పేపరు పక్కకు జరిపి, "సెలవు రోజునే వెళ్ళాలా?" అని అడిగారు.

"ఇవాళ మీకు సెలవు. నా సెలవెప్పుడో మీరే చెప్పండి, ఆ రోజే వెళతాను" అంది భారతీదేవి. ఆయన మళ్ళీ పేపరు ఎత్తి, గొడుగు తీసుకెళ్ళమన్నారు. బయట మబ్బన్నదే లేదు. అయినా ఆమె తీసుకెళ్ళింది.

ఖాజావలి ముగ్గురికీ ముందు సీటు అట్టేపెట్టాడు. రోడ్డుకు రెండు వైపులా ఎర్రటి కళ్ళాలు. ఘాటుకు బస్సంతా తుమ్ములు. చిల్లకల్లు దగ్గర ఒక ముసలమ్మ కోడిపుంజును చంకన పెట్టుకుని ఎక్కింది. ఆ పుంజు కండక్టరు వంకే చూస్తూ, ఆయన టిక్కెట్టు అన్నప్పుడల్లా కొక్కొరోకో అంది. దేవమణి కొంగు అక్కడే సగం తడిసింది.

మాస్టారి ఇల్లు బజారు వెనక సందులో పెద్ద పెంకుటిల్లు. వాకిట్లో బోర్డు మీద అందమైన అక్షరాలతో రాసి ఉంది: "ముట్టుకోరాదు. ఉమ్మరాదు. గట్టిగా మాట్లాడరాదు." వరప్రసాదరావుగారు సన్నగా, పొడుగ్గా, మెడ వరకూ బొత్తాలు పెట్టుకున్న కోటుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ముగ్గురు ఆడవాళ్ళు పనిగట్టుకుని తన మ్యూజియం చూడ్డానికి నందిగామ నుంచి వచ్చారంటే ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక కళ్ళజోడు తుడుచుకుని, "రండి, రండి" అని లోపలికి తీసుకెళ్ళారు.

హాలంతా బల్లలు. వాటి మీద పాత నాణేలు, తాటాకుల కట్టలు, తుప్పు పట్టిన కత్తి పిడి, గ్రామఫోను లేని గ్రామఫోను బూర. ప్రతి దాని ముందూ ఒక అట్టముక్క చీటీ. భారతీదేవి ఒక్కొక్కటీ చదువుకుంటూ మెల్లగా నడుస్తోంది. ఆమె ఒక మూల ఆగిపోయింది. అక్కడ చేటంత తెల్లరాయి మీద సగం తామరపువ్వు చెక్కి ఉంది. మిగతా సగం విరిగిపోయింది.

"ఇది ధనంబోడు దిబ్బ దగ్గరది, పాతకాలపు బౌద్ధ స్తూపం రాయి" అన్నారు మాస్టారు. ఆయన గొంతు తగ్గింది. "పుల్లయ్య అనే రైతు దీనిమీద బట్టలుతికేవాడు. బతిమాలి తెచ్చుకున్నాను. మా నాన్నగారి చిన్నతనంలో ఆ దిబ్బలో దొరికిన పలకలు ఎన్నో బండ్లకెత్తించి మద్రాసు పంపించేశారమ్మా. ఈ ఊరి రాళ్ళు చూడాలంటే ఈ ఊరివాళ్ళు రైలెక్కాలి. మా నాన్న చెబుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఇక ఈ ఊళ్ళోది ఏదీ బయటికి పోకూడదని అప్పుడే అనుకున్నా."

భారతీదేవి రాయి వంక చూస్తూ ఉండిపోయింది. "ఒక్కసారి ముట్టుకోవచ్చాండీ?" అని అడిగింది చివరికి.

మాస్టారు బోర్డు ఉన్న వైపు చూశారు. తరువాత తల పక్కకు తిప్పుకున్నారు. ఆమె వేళ్ళు తామర రేకుల మీద నడిచాయి. ఆమె కళ్ళు మెరిశాయి. వాజిదా కూడా వంగి చూసి, "ఎంత సన్నపని అక్కా, సూదితో కుట్టినట్టుంది" అంది. ఆ మాటకు మాస్టారు ఎంతో పొంగిపోయారు.

పొంగిపోయి వాళ్ళను రెండో గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ తిరగలి, జాడీలు, ఉయ్యాల పీట, కాఫీ మర వరసగా పేర్చి ఉన్నాయి. వాటికీ చీటీలున్నాయి. భారతీదేవి వినయంగా పైకి చదివింది. "తిరగలి. సుమారు నూరేళ్ళ నాటిది. వాడుకలో లేదు."

"వాడుకలో ఉండేది. మొన్న శ్రావణం దాకా" అని వంటింటి తలుపు వెనక నుంచి ఒక ఆడగొంతు పలికింది.

మాస్టారు దగ్గారు. "అది మా ఆవిడ, సౌభాగ్యమ్మ" అన్నారు.

భారతీదేవి తరువాతి చీటీ చదివింది. "ఆవకాయ జాడీ. చీనా దేశపు పనితనం."

"జాడీ ఇక్కడుంది. ఆవకాయ పక్కింటివాళ్ళ జాడీలో ఉంది. ముద్ద కలుపుకున్నప్పుడల్లా గోడ మీదుగా అడుక్కుంటున్నాం" అంది ఆ గొంతు.

దేవమణి కొంగు నోటి దగ్గరికి పోయింది.

"కాఫీ మర. తెల్లదొరల కాలం నాటిది."

"నా కాపరం నాటిది. నేను తెల్లదొరనని ఆయనకు ఇప్పుడు తెలిసినట్టుంది."

దేవమణి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అప్పుడు తలుపు తెరుచుకుని సౌభాగ్యమ్మగారు బయటికి వచ్చారు. అరవై దగ్గరపడ్డ గుండ్రటి మనిషి. చేతిలో గరిటె. "చూడు తల్లీ, ఈ ఇంట్లో మూడు గదులు ఆయన సామాను మింగేసింది. నాకు మిగిలింది ఆ వంటిల్లు. అరగంట ఒక్కచోట కదలకుండా కూచోవాలంటే భయం. కూచుంటే నాకూ ఒక చీటీ అంటిస్తారు" అన్నారు.

ఇక కొంగు ఆగలేదు. బిందె దొర్లింది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా దొర్లి, గదిలో ఉన్న ఇత్తడి సామాను కూడా బదులు పలికినట్టు మోగింది. వాజిదా గోడకు ఆనుకుని కూలబడింది. సౌభాగ్యమ్మగారు ఆ నవ్వు వంక ఆశ్చర్యంగా చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టారు. గరిటె పట్టుకున్న చెయ్యి పొట్టకు ఆనించుకుని, ఊపిరి అందకుండా.

వరప్రసాదరావుగారు మాత్రం నవ్వలేదు. "ఇది నవ్వే చోటు కాదమ్మా" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, నొచ్చుకుని అన్నారు. దేవమణి నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"క్షమించండి మాస్టారూ. మీ రాళ్ళను చూసి కాదండీ" అంది. ఆమె చెవులు వేడెక్కాయి. చిన్నప్పటినుంచి ఇంతే. ఎక్కడికి వెళ్ళినా ఆ నవ్వు తనకంటే ముందు పోయి ఎవరో ఒకరి కాలు తొక్కుతుంది. ఇవాళ ఇక నోరు తెరవకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

ఇబ్బందిని సర్దడానికి వాజిదా నాటకం సంగతి ఎత్తింది. ఆడవాళ్ళకు మాత్రమే అన్న మాట వినగానే సౌభాగ్యమ్మగారు గరిటె కిటికీలో పెట్టారు.

"నేనూ వస్తాను" అన్నారు.

"ఎక్కడికి?" అన్నారు మాస్టారు.

"ఆటకు. మీకు అన్నం వండేశాను. పప్పూ కూరా గిన్నెల్లో ఉన్నాయి."

"మరి నా మధ్యాహ్నం కాఫీ?"

"పాలున్నాయి. గింజలు వేయించి డబ్బాలో పోశాను. పొడి కొట్టుకోవాలి. మర ఎక్కడుందో మీకు తెలుసు" అని ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు.

హోటలు బజారు మొగలో ఉంది. ఆడవాళ్ళకు వెనక పక్క పచ్చ తెర కట్టిన గది; గుమ్మం మీద 'ఫ్యామిలీ రూము' అని రాసి ఉంది. నలుగురూ ఆకుల ముందు కూర్చున్నారు. భారతీదేవి బిగుసుకుని కూర్చుంది. ఆమె జన్మలో హోటల్లో భోంచేయలేదు.

"ఎవరైనా చూస్తారేమో" అంది.

"చూస్తే ఏమంటారు? కొండలరావుగారి భార్య అన్నం తింటోంది అంటారు. తప్పా?" అన్నారు సౌభాగ్యమ్మగారు.

వడ్డించే ఆయన వచ్చాడు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, చారు. పొగలు కక్కే అన్నం మీద గరిటెతో నెయ్యి వేశాడు. భారతీదేవి తల వంచుకుని తింటోంది. అన్నం అయిపోయేలోపలే ఆయన మళ్ళీ వచ్చి, "ఇంకాస్త వేయమంటారా అమ్మా?" అని అడిగాడు.

ఆమె చెయ్యి ఆగింది. "వెయ్యండి" అంది. వేశాక కూడా దాని వంకే చూస్తూ కూర్చుంది.

"ఏమైంది వదినగారూ, బాగాలేదా?" అని దేవమణి అడిగింది.

"బాగుంది. అది కాదు" అంది భారతీదేవి. "పెళ్ళయిన దగ్గరనుంచీ నాకు నేనే వడ్డించుకున్నాను, అందరూ తిన్నాక. ఇంకాస్త కావాలా అని అడిగినవాళ్ళెవరో గుర్తు చేసుకుంటున్నా. మా అమ్మ తరువాత ఈయనే."

వాజిదా తన ఆకులోని అప్పడం తీసి భారతీదేవి ఆకులో పెట్టింది. ఆయన మూడోసారి వచ్చినప్పుడు భారతీదేవి కడుపు నిండిపోయి ఉంది. అయినా వద్దనలేదు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నడుం దగ్గర చీర కుచ్చిళ్ళు వదులు చేసుకోవలసి వచ్చింది. బయటికి వస్తూ మైసూరుపాకు కట్టించుకున్నారు. గోళీసోడా కొట్టినప్పుడు వచ్చిన చప్పుడుకు సౌభాగ్యమ్మగారు ఉలిక్కిపడి, అది నచ్చి, ఇంకొకటి కొట్టమన్నారు.

డేరాలో ముందు చాపలు, వెనక బెంచీలు. ఆడవాళ్ళతో కిటకిటలాడిపోతోంది. అత్తలు, కోడళ్ళు, వదినలు, ఆడపడుచులు, చంటిపిల్లలు. కంపెనీవాళ్ళు మంచి ఆలోచన అనుకుని వేసిన ఆట అది. కానీ వాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. ఏ కోడలి పక్కన చూసినా ఆమె అత్తగారు కూర్చుని ఉంది. ఏ అత్తగారి వెనక చూసినా ఆమె వియ్యపురాలు ఉంది.

హార్మోనియం మోగింది. తెర లేచింది. కొత్త నాటకం. ఒక రాజు తన రాణి మనసు పరీక్షించాలని సన్యాసి వేషం వేసుకుని తన కోటకే వస్తాడు. వెంట నౌకరు కూడా శిష్యుడి వేషంలో వస్తాడు. ఆ నౌకరు వేషం వేసినాయన సన్నగా కందిపుల్లలా ఉన్నాడు. కనుబొమలు ఒకటి పైకి, ఒకటి కిందికి వేసుకున్నాడు. అతను రంగం మీదికి రావడమే కాలు తడబడి వచ్చాడు. మగవాళ్ళ ఆటల్లో అక్కడే ఈలలు పడేవట. ఇక్కడ ఎవరూ కదలలేదు. నాలుగైదు చేతులు నోళ్ళకు అడ్డం పోయాయి, అంతే.

అతను ఒక చతురు విసిరాడు. నిశ్శబ్దం. ఇంకొకటి విసిరాడు. ఎక్కడో చంటిపిల్ల ఏడ్చింది. రంగు కింద అతని మొహం మీద చెమట పట్టడం ముందు చాపల వాళ్ళకు కనిపిస్తోంది. అతను హార్మోనిస్టు వంక ఒక చూపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు.

తరువాత రంగంలో గురువుగారు, అంటే సన్యాసి వేషంలో ఉన్న రాజు, శిష్యుణ్ణి మౌనవ్రతం పట్టమని చెప్పి వెళ్ళిపోతాడు. శిష్యుడికి ఆకలి. ఎదురుగా అంతఃపురపు చెలికత్తె. నోరు విప్పకుండా ఆమెను బూరెలు అడగాలి. అతను రెండు చేతులూ గుండ్రంగా చేసి చూపించాడు. చెలికత్తె వెళ్ళి తలపాగా తెచ్చి అతని నెత్తిన పెట్టింది. అతను బుగ్గలు పూరించి బూరె లోపల పూర్ణం ఉంటుందని చూపించాడు. ఆమె పంటినొప్పి అనుకుని అతని దవడకు గుడ్డ కట్టింది. అతను నూనెలో వేగడం చూపించాలని ఒళ్ళంతా చిటపటలాడించాడు. ఆమె భయపడి వేపమండ తెచ్చి భూతవైద్యం మొదలుపెట్టింది.

దేవమణి కొంగు మొత్తం నోట్లో ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. మొహం కందగడ్డలా అయింది. పొద్దున మాస్టారి మొహం గుర్తు తెచ్చుకుని పళ్ళు బిగించి కూర్చుంది.

సౌభాగ్యమ్మగారు ఆమె వంక ఒకసారి చూశారు. చెయ్యి చాచి ఆ కొంగు పట్టుకుని లాగేశారు.

"నవ్వు తల్లీ. ఇక్కడ చీటీలేవీ లేవు" అన్నారు.

బిందె దొర్లింది. పొద్దుటిది ఏమూలకూ రాదు. డేరా గుడ్డ కప్పు దాకా పోయి తగిలి, తిరిగి వచ్చి, మళ్ళీ లేచింది. ఆడవాళ్ళందరూ మెడలు తిప్పి చూశారు. రంగం మీద చెలికత్తె వేపమండ పట్టుకుని ఉన్నపళాన నిలబడిపోయింది. నౌకరు వేషం వేసినాయన మెల్లగా దవడకట్టు విప్పుకున్నాడు. రంగం అంచుకు వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని జనంలోకి చూశాడు.

"మౌనవ్రతం పోతే పోయింది" అన్నాడు. "గురువుగారితో చెప్పకండి. ఇందాకటినుంచీ నేను శ్మశానంలో కూచుని బూరెలు అడుగుతున్నానేమో అనుకుంటున్నా. ఒక్కరు బతికున్నారు. ఆ తల్లెవరో చల్లగా ఉండాలి."

మొదట ఒక ముసలావిడ నవ్వింది, పళ్ళులేని నోటితో. ఆమె అత్తగారు కాబట్టి ఆమె కోడలూ నవ్వింది. ఆ తరువాత ఇక ఎవరు ఎవరి అత్తగారో చూసుకున్నవాళ్ళు లేరు. డేరా అంతా నవ్వింది. చెలికత్తె కూడా వేపమండ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడినుంచి అతను వేలు కదిపితే నవ్వు, కాలు కదిపితే నవ్వు. భారతీదేవి, ఎంత నవ్వొచ్చినా పెదవి దాటనివ్వని మనిషి, పక్కనున్న తెలియనావిడ భుజం పట్టుకుని ఊగిపోయింది.

చివరి రంగంలో రాణి, వేషం తీసేసిన రాజును చూసి, "నన్ను పరీక్షించిన మనిషిని నేను గుర్తుపట్టను. గుర్తుపట్టాలంటే ఒక ఏడాది ఈ కోటలో నౌకరుగా ఉండు" అంది. దానికి కొట్టిన చప్పట్లు నాటకం మొత్తంలో పెద్దవి. వాజిదా లేచి నిలబడి కొట్టింది.

తెర పడ్డాక జనం బయటికి పోతుంటే నౌకరు వేషం వేసినాయన ఒక చెంపకు రంగు, ఇంకో చెంపకు కొబ్బరినూనెతో, గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళను అడుగుతున్నాడు. "ఆ నవ్విన అమ్మ ఎవరండీ?"

దేవమణి వాజిదా వెనక దాక్కుంది. వాజిదా పక్కకు జరిగి ఆమెను ముందుకు నెట్టింది.

"తప్పయిపోయిందండీ. మీ ఆట మధ్యలో ఆపేశా" అంది దేవమణి.

అతను రెండు చేతులూ జోడించాడు. దగ్గరగా చూస్తే యాభై దాటిన మనిషి. "నా పేరు కరీముల్లా అమ్మా. ఆడవాళ్ళ ఆటంటే నాకు జ్వరం వస్తుంది. ఏడవమంటే ధారాళంగా ఏడుస్తారు. నవ్వమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇవాళ రెండో రంగం అయ్యేసరికి ఇక ఈ వేషం మానేసి కంపెనీలో తెరలు లాగుదామని నిజంగానే అనుకున్నా. అప్పుడు మీరు నవ్వారు." చెంప మీది రంగు తుడుచుకుంటూ, "వచ్చే నెల నందిగామలో డేరా వేస్తాం. మీది ఏ ఊరమ్మా?" అన్నాడు.

"నందిగామే."

"అయితే ముందు వరసలో ఒక కుర్చీ మీకే. రోజూ రావాలి."

"రోజూ ఎలా వస్తానండీ, బడుంది. పిల్లలకు ఎక్కాలు ఎవరు చెబుతారు?" అంది దేవమణి. ఆమెకు సంతోషంతో ఎక్కడ చూడాలో తెలియడం లేదు.

"పిల్లల్ని కూడా తీసుకురండి" అన్నాడు కరీముల్లా, ఎంతో గంభీరంగా.

సౌభాగ్యమ్మగారిని ఇంట్లో దింపి వెళదామని నలుగురూ మళ్ళీ ఆ సందులోకి వచ్చారు. ఎండ పచ్చబడింది. మాస్టారు అరుగు మీద నిలబడి సందు మొగ వైపే చూస్తున్నారు. వీళ్ళు కనిపించగానే కాలక్షేపానికి నిలబడ్డట్టు స్తంభం పరీక్షించడం మొదలుపెట్టారు. కోటు చేతుల మీద గోధుమరంగు పొడి ఉంది.

"కూర్చోండి. కాఫీ ఉంది" అన్నారు.

ఆయనే అయిదు గ్లాసుల్లో తెచ్చారు. గింజలు సరిగా నలగలేదు, గ్లాసు అడుగున పలుకులు మిగిలాయి. పంచదార ఎక్కువైంది. సౌభాగ్యమ్మగారు గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళి వచ్చారు. రెండో గదిలో మర ఉన్నచోట మర లేదు. అది వంటింటి గట్టుకు బిగించి ఉంది. ఆమె భర్త పక్కన అరుగు మీద కూర్చుని, "బాగుంది. కాస్త చిక్కగా పెట్టారు" అన్నారు.

"ఆ పిడి తిప్పడం చాలా కష్టంగా ఉంది" అన్నారు మాస్టారు నేల వంక చూస్తూ. "నువ్వు ఇన్నేళ్ళు ఎట్లా తిప్పావో."

దేవమణి ఆయన దగ్గరికి వెళ్ళి, పొద్దున జరిగినదానికి మరోసారి చెప్పబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. "మీరు వెళ్ళాక ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయిందమ్మా" అన్నారు. తరువాత భారతీదేవి వైపు తిరిగి, "ఆ తాటాకుల కట్టలు చదవడానికి నాకు కళ్ళు ఆనడం లేదు. మీకు తీరిక ఉంటే, ఎప్పుడన్నా వచ్చి చూస్తారా?" అని అడిగారు. తనను ఒకరు చదవమని పిలవడం భారతీదేవికి కొత్త. వస్తానంది. ఎప్పుడో కూడా చెప్పింది, వచ్చే రెండో శనివారమని.

ఖాజావలి బస్సు హారను కొడుతూ వీళ్ళకోసం ఆపి ఉంచాడు. తిరుగు ప్రయాణంలో వాజిదా డ్రైవరు సీటు వెనక నిలబడి భర్తకు నాటకం మొత్తం చెప్పింది. రాణి మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పెరిగింది. "ఏడాది నౌకరీనా? పాపం" అన్నాడు ఖాజావలి. "నువ్వు రోడ్డు చూసి నడుపు" అంది వాజిదా. భారతీదేవి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఒళ్ళో మైసూరుపాకు పొట్లం, పొట్లం మీద గొడుగు.

దేవమణి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్తెఫను ఆసుపత్రి నుంచి వచ్చి వాకిట్లో మంచం వాల్చుకున్నాడు. ఆమె కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం అంచున కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. కోడిపుంజు, చీటీలు, నెయ్యి, బూరెలు. కరీముల్లా గేటు దగ్గర అన్న మాట చెప్పడానికి మాత్రం కొంచెం సిగ్గుపడింది. అయినా చెప్పింది.

స్తెఫను అంతా విన్నాడు. "ఏదీ, ఆ బూరె ఎట్లా చూపించాడో చెప్పు" అన్నాడు.

ఆమె లేచి, వాకిట్లో చీకట్లో నిలబడి, బుగ్గలు పూరించి చూపించింది. స్తెఫను నవ్వితే ఎప్పుడూ చప్పుడు రాదు, మంచం మాత్రం కిర్రుమంటుంది. ఆ వేళ మంచం చాలాసేపు కిర్రుమంది. పక్క వాటాలో కొండలరావుగారు తలుపు తీసి, ఏమైందని అడిగారు. భారతీదేవి ఆయన చేతిలో మైసూరుపాకు ముక్క పెట్టి, తానూ చాప తెచ్చుకుని వాకిట్లో కూర్చుంది.